ఆరు చెంచాల నూనె

ఆగస్టు 1, శుక్రవారం

భువనేశ్ వచ్చాడు.

ముందు ఆ మాట రాసేశాను. మిగిలింది మెల్లగా రాస్తాను. ఆరేళ్ల తర్వాత నా కొడుకు నా గడప తొక్కాడు. ఆడి మాసం శుక్రవారం కదా, వీధి చివర మారియమ్మ గుడి దగ్గర రాగంబలి కూళు పోస్తున్నారు, మైకు మోగిపోతోంది, నేను చెంబు పట్టుకుని బయలుదేరాను. ఎదురుగా నల్ల కారు ఆగింది. దిగాడు. కాస్త ఒళ్లు చేశాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు. నా బిడ్డకి తెల్ల వెంట్రుకలు! నలభై మూడు నిండాయి కదా మరి.

"ఏం నాయనా, బాగుండావా?" అన్నాడు.

ఆ చెంబు కింద పెట్టాలని కూడా నాకు తోచలేదు. దాన్ని పట్టుకునే నిలబడ్డాను. తనే నన్ను లోపలికి నడిపించాడు. అంబుజం ఫోటో ఎదురుగా ఉండేట్టు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. వాళ్లమ్మ మీద ఎంత ప్రేమో. మంగళమ్మ పక్కింటి నుంచి కూళు తెచ్చిచ్చింది. రెండు గ్లాసులు తాగాడు. రెండోది అడిగి తాగాడు!

తర్వాత అడిగాడు, డాక్టరు బండి ఇంకా ఉందా అని. అడిగాడు చూడండి. ఆ బండి పేరు ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు, తనే ఎత్తాడు. ఉంది నాయనా, ఉంది, అన్నాను. అప్పుడు చెప్పాడు. మ్యూజియం ట్రస్టువాళ్లు స్థలం అమ్మేస్తున్నారట. తొమ్మిది బండ్లూ పాత ఇనుము కింద తూకానికి పోతాయట. లాస్‌పేటలో తనకి షెడ్డు ఉంది కదా, పాత కార్లని కొత్తగా చేసి హోటళ్లకి, పెళ్లిళ్లకి ఇస్తాడు. ఆ ఒక్క బండినైనా తూకం ధరకి కొని బతికించుకుందాం నాయనా అన్నాడు. లోకంలో అలాంటివి నాలుగే మిగిలాయట. 1934లో ఫ్రాన్సులో చేసిన వాల్మోర్. నాకు తెలియదా? పద్నాలుగేళ్లప్పుడు లూర్దుసామి డాక్టరు దగ్గర దాన్ని కడిగేవాడిగా చేరాను. ఇరవైకి దాని డ్రైవరునయ్యాను. డాక్టరు పోయాక డాక్టరమ్మ బండిని మ్యూజియానికి ఇచ్చేశారు, నేను మిల్లుకి పోయాను. పోయినా, శుక్రవారం శుక్రవారం దాని దగ్గరికి పోవడం మానలేదు.

అడ్డం ఒక్కటే. వాచ్‌మన్ శివరామన్ ఎవరినీ బండి మీద చెయ్యి వేయనివ్వడం లేదట. శివరామన్ అంటే అంబుజం తమ్ముడు, నా బావమరిది. మామ నీ మాట ఒక్కటే వింటాడు నాయనా అన్నాడు భువనేశ్. నిజమే.

ఈ డైరీ నా కూతురు కీర్తికకి ఆఫీసులో ఇచ్చారు. ఇంట్లో తను నాతో తెలుగే మాట్లాడుతుంది గాని అక్షరం రాదు. అల్లుడికి అసలే రాదు. యానాం నుంచి వచ్చిన అయ్యవారు నాకు ఐదో క్లాసు దాకా నేర్పినందుకు, ఈ ఇంట్లో నాకంటూ ఒక గది లేకపోయినా ఈ పుస్తకం ఉంది. ఇందులో ఈ రోజు బంగారంతో రాయాల్సిన రోజు.

ఆగస్టు 2

రాలేదు. పని ఉంటుంది. రెండు గ్లాసులు తాగాడు.

ఆగస్టు 5, మంగళవారం

కొడుకు కారులో ముందు సీట్లో కూర్చుని మ్యూజియానికి పోయాను! వీధిలో అందరూ చూశారు. చూడనీ అని అద్దం దించి కూర్చున్నాను.

మ్యూజియం సంగతి ఏం చెప్పను. తుఫానుకి సగం కప్పు కూలింది, అలాగే ఉంది. టికెట్లిచ్చే కిటికీలో కందిరీగలు గూడు పెట్టాయి. రెండు జీపులకి చక్రాలు లేవు. ఒక పెద్ద కారు వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టింది. మన బండి మాత్రం తడవని మూలలో, చేపల మార్కెట్లో శివరామన్ అడిగి తెచ్చిన టార్పాలిన్ కింద, పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. రంగు పోయింది, తోలు చిరిగింది, దీపాలు ఎవరో పదేళ్ల కిందటే ఎత్తుకుపోయారు. ఇంజను మాత్రం నా ప్రాణం.

ట్రస్టు తరఫున దామోదరన్ అనే ఆయన వచ్చాడు. నెలాఖరుకి అంతా ఖాళీ కావాలన్నాడు. శివరామన్ గేటుకి అడ్డంగా నిలబడి ఆయన్ని చూడలేదు, నా కొడుకుని చూడలేదు, నన్నే చూశాడు.

"బావా, నువ్వు వస్తే తీస్తా. ఇంకెవరు వచ్చినా తీయను" అన్నాడు.

మేనల్లుడి ముందే అలా అన్నాడు. నాకు సిగ్గేసింది. వాడూ మనవాడే కదరా అంటే, కాసేపటికి తాళం తీశాడు.

భువనేశ్ బానెట్టు ఎత్తి ఫోను లైటు వేసి చూశాడు. నంబరు రేకు ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలు ఉన్నాయి. అరచేతంత ఇత్తడి రేకు. బండి పుట్టిన నంబరు అందులోనే చెక్కి ఉంటుంది. అది లేకపోతే ఈ బండి అదేనని ఎవరూ నమ్మరట, వట్టి ఇనుమే అట.

"రేకు యాడ మామా?"

"నా కాడ లేదు."

ఉంది. దొంగలు దీపాలు ఎత్తుకుపోయిన ఏడాదే శివరామన్ రేకుని విప్పి దాచాడు. నాకు తెలుసు, తనకీ తెలుసు నాకు తెలుసని. వచ్చేటప్పుడు భువనేశ్ కారులో నవ్వుతూ, నువ్వే తేవాల నాయనా అన్నాడు. నన్ను అంతగా నమ్మాడు.

ఆగస్టు 8, శుక్రవారం

ఈ రోజు నా కొడుకు పక్కనుండి నా పని చూశాడు. ఇన్నేళ్ల ముచ్చట తీరింది.

ఆరు ప్లగ్గులూ తీశాను. ఆరు రంధ్రాల్లో ఆరు చెంచాల నూనె పోశాను. హ్యాండిల్ దూర్చి ఇరవై ఒక్క చుట్లు మెల్లగా తిప్పాను. నిలబడిపోయిన ఇంజనుకి వారానికి ఒకసారి ఇది చేస్తే లోపల బిగుసుకోదు. భువనేశ్‌కి చూపించాను, హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టకూడదు, ఇంజను ఎదురు తన్నితే వేలు ఊడిపోతుంది. డాక్టరు నాకు మొదట నేర్పిన పాఠం అదే. వాడు అన్నీ శ్రద్ధగా విన్నాడు.

ఎంతసేపు పడుతుంది అని అడిగాడు. గంట అన్నాను.

"ఎప్పుడూ గంటేనా? ఆ దినం ఎక్కువైంది కదా."

ఆ రోజు ఇంజను స్టార్టయింది నాయనా అన్నాను. ముప్పై మూడేళ్ల తర్వాత మొదటిసారి మోగింది, బానెట్టు శివరామనే పట్టుకుని ఉన్నాడు, ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం అని చెప్పాను. అవునా అన్నాడు. తల ఊపాడు. నా పని గురించి వాడు ఇన్ని ప్రశ్నలు ఎప్పుడూ వేయలేదు.

నూనె పోసే చెంచా చేతిలోకి తీసుకుని చూశాడు. ఇది అమ్మది కదా అన్నాడు. అవును, పాయసం చెంచా. కర్చీఫుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నా చేతి వస్తువు ఒకటి వాడి దగ్గర ఉంటుంది ఇక.

ఆగస్టు 9

కీర్తిక నస. అన్న నిన్ను చూసేదానికి రాలేదు నాయనా, బండి చూసేదానికి వచ్చినాడు అంటుంది. ఒకే బస్సులో రెండు చోట్లకీ పోవచ్చు కదమ్మా అన్నాను. నవ్వలేదు.

తనకీ మనసులో ఉంది. నాకు తెలుసు. వాళ్లమ్మ పోయిన రోజు నాకు పదకొండు సార్లు ఫోను చేసింది తనే. మంగళమ్మ కీర్తిక ఆఫీసుకి ఫోను చేస్తే, తను నాకు చేసింది. నా ఫోను చొక్కా జేబులో ఉంది, చొక్కా మేకుకి ఉంది. ఇంజను చప్పుడు. నేను ఇంటికి వచ్చేసరికి రెండయింది. పొద్దున ఎదంతా పట్టేసినట్టుంది, ఈ శుక్రవారం పోవద్దు అంది అంబుజం. గంటలో వస్తా అన్నాను. గంటలో వచ్చేవాణ్ణే.

ఇది రాయాలని కూర్చోలేదు.

ఆగస్టు 13, బుధవారం

భువనేశ్ నన్ను లాస్‌పేట తీసుకుపోయాడు. వాడి ఇల్లు! మేడ మీద ఒక గది చూపించాడు. కిటికీ ఉంది. విమానాలు దిగడం కనిపిస్తుంది. మంచం, ఫ్యాను, గోడకి కొత్త క్యాలెండరు. ఈ గది ఎవరిదిరా అంటే, నీకే అన్నాడు. ఏడ్చాను, దాచేదేముంది. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. మగపిల్లలు అంతే, తండ్రి ఏడిస్తే చూడలేరు.

రేకు వస్తే బండి వస్తుంది. బండి వస్తే ఆయుధ పూజకి సిద్ధం చేస్తాడట. పొద్దున ఎనిమిదికి బీచ్ రోడ్డు మీద నువ్వే నడుపు నాయనా, నేను పక్కన కూర్చుంటా అన్నాడు. డాక్టరు ఇచ్చిన డ్రైవరు టోపీ ట్రంకు పెట్టెలో ఉంది. ఇంటికి రాగానే తీసి ఎండలో పెట్టాను. ఒక పక్క చెద కొద్దిగా పట్టింది, అంతే.

శివరామన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏ మొహంతో కొడుకు గుమ్మం ఎక్కను?

ఆగస్టు 17, ఆదివారం

ఇచ్చాడు!

పోయేసరికి శివరామన్ తన గది ముందు కూర్చుని బియ్యం ఏరుతున్నాడు. మ్యూజియం వెనక ఆ ఒంటి గదిలో ఇరవై ఏడేళ్లుగా ఉంటున్నాడు. పెళ్లి లేదు, పెటాకులు లేవు. నేను ఎన్నో చెప్పి చూశాను. బండి బాగుపడుతుందన్నాను. మ్యూజియం ఎలాగూ పోతుందన్నాను. నీ మేనల్లుడే కదా అన్నాను. వాడు బియ్యంలో రాళ్లు తీసి పక్కకి వేస్తూనే ఉన్నాడు. వాడి కళ్లల్లో వేరే ఉంది బావా అన్నాడు ఒకసారి.

అప్పుడు చెప్పేశాను. ముందు అనుకుని పోలేదు. నోటికి వచ్చేసింది. అంబుజం నీకు ఒక మాట చెప్పమంది శివరామా, ఇన్నేళ్లూ చెప్పడానికి నోరు రాలేదు అన్నాను. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, ఆ బండిని తమ్ముణ్ణి భువనేశ్ చేతికి ఇచ్చేయమను, తండ్రీ కొడుకులు దాంతోనే ఒకటవుతారు అంది. చెబుతుంటే నాకే నిజంగా అన్నట్టే అనిపించింది.

వాడి చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత లేచి లోపలికి పోయి, ఉప్పు జాడీ అడుగు నుంచి పసుపు గుడ్డ మూట తెచ్చాడు.

"అక్క చెప్పిందంటే ఇంకేముంది. తీసుకో బావా."

రేకు మెరుస్తోంది. ప్రతి నెలా చింతపండుతో తోముతున్నాడట. సంతోషంలో కాళ్లు నేల మీద ఆనలేదు, బస్‌స్టాపు దాటి ఇంకో స్టాపు దాకా నడిచి పోయాను.

ఆగస్టు 18

భువనేశ్ రేకు నంబరు మూడుసార్లు చదివాడు. నా వీపు తట్టాడు. వీపు తట్టాడు! దారిలో హోటల్లో ఇడ్లీ పెట్టించాడు, నెయ్యి వేయించి మరీ.

శివరామన్ ఎందుకు అంతసేపు చూశాడో.

ఆగస్టు 20

పొద్దున మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చింది.

ఆ శుక్రవారం శివరామన్ నా పక్కనే ఉన్నాడు. బానెట్టు వాడే పట్టుకున్నాడు. ఈ మధ్యే భువనేశ్‌కి నేనే చెప్పాను కూడా. అంబుజం పోయేటప్పుడు నేను ఆమె దగ్గర లేనని లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి వాడు. పోయి పోయి ఆ మాట వాడికి చెప్పాను.

తెలిసి ఎందుకు ఇచ్చాడు?

పోనీ. ఇచ్చాడు కదా. ఇడ్లీలు బాగున్నాయి.

ఆగస్టు 22, శుక్రవారం

బండి బయటికి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత ఎండ చూసింది. క్రేను కొక్కెం తగిలించి లారీ మీదికి ఎక్కించారు. నేను అటు పరిగెత్తి ఇటు పరిగెత్తి, మెల్లగా, మెల్లగా అని అరుస్తూనే ఉన్నాను. వాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. మిగతా ఎనిమిదింటినీ అప్పటికే వేరే మనుషులు సుత్తులతో విరగ్గొడుతున్నారు. మన బండిని ఆ నోట్లోంచి లాక్కున్నాం.

శివరామన్ సామాను గేటు బయట ఉంది. పొయ్యి, ఒక సంచి, మడిచిన టార్పాలిన్. దామోదరన్ కొత్త తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బండి లేచిన చోట నేల మీద నూనె మరక ఉంటే, శివరామన్ గోనె సంచితో దాన్ని తుడుస్తున్నాడు. రేపు ఆ నేలే ఉండదు, వాడు తుడుస్తున్నాడు.

మా ఇంటికి రారా అందామని పోయాను. అనబోతుంటే భువనేశ్ హారన్ కొట్టి, ఎక్కు నాయనా, ఆలస్యమవుతా ఉంది అన్నాడు. ఎక్కాను. లారీ కదిలేటప్పుడు శివరామన్ పక్కన నడుస్తూ వచ్చి, స్టార్టింగ్ హ్యాండిల్ కిటికీలోంచి నా చేతికిచ్చాడు.

"శుక్రవారం మరిచిపోవద్దు బావా."

దాన్ని ఒళ్లో పెట్టుకుని రాజులా వచ్చాను. శివరామన్‌కి ఎవరో ఒకరు ఉంటారు. సోలై నగర్‌లో తెలిసినవాళ్లు ఉన్నారని ఎప్పుడో అన్నాడు.

ఆగస్టు 29, శుక్రవారం

నూనె డబ్బా పట్టుకుని లాస్‌పేట పోయాను. షెడ్డు మూసి ఉంది. లోపల గ్రైండరు చప్పుడు వినిపిస్తోంది. పని మొదలుపెట్టేశాడు! గేటు దగ్గర మనిషి రేపు రమ్మన్నాడు.

ఆగస్టు 30

ఈ రోజూ రేపు రమ్మన్నాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం

భువనేశ్ ఫోను ఎత్తలేదు. పని ఉంటుంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఎత్తలేదు. పని ఉంటుంది. హ్యాండిల్‌కి నూనె రాసి పెట్టాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

పదకొండు సార్లు చేశాను. లెక్కపెట్టాలని కాదు, ఫోనే చూపించింది.

సెప్టెంబరు 28

కీర్తిక తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. ఏమీ అనలేదు. గుమ్మడికాయ నేనే కొన్నాను, నాలుగు చక్రాలకి నాలుగు నిమ్మకాయలు కూడా. ఇంక మూడు రోజులు!

అక్టోబరు 1, బుధవారం, ఆయుధ పూజ

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఏడింటికే బస్సు ఎక్కాను. తెల్ల బట్టలు, డాక్టరు టోపీ, ఒక చేతి సంచిలో గుమ్మడికాయ, ఇంకో చేతిలో గంధం పూసి బొట్టు పెట్టిన హ్యాండిల్. కండక్టరు, ఏం తాతా, విమానం నడపను పోతా ఉండావా అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

షెడ్డు తెరిచి ఉంది. పూజ అయిపోయింది. మిషన్లన్నిటికీ బొట్లు, అరటి పిలకలు. పనివాళ్లు బొరుగులు పంచుతున్నారు. నాకూ ఒక పొట్లం చేతిలో పెట్టారు. అది పట్టుకునే లోపలికి పోయాను.

బండి ఇటుకల మీద ఉంది. ముందు సగం. డ్రైవరు సీటు వెనక నుంచి ఏమీ లేదు. కోసిన అంచు ఇంకా తళతళలాడుతోంది. బానెట్టు ఎత్తాను. లోపల ఖాళీ. నేల కనిపిస్తోంది. ఇంజనూ రేకూ పోయిన నెలే కోయంబత్తూరు పోయాయి తాతా అన్నాడు ఒక పనివాడు. అక్కడ ఎవరో పెద్దాయన ఆ రెంటి చుట్టూ కొత్తగా బండి కట్టించుకుంటాడట. వెనక సగం తూకానికి పోయిందట.

భువనేశ్ వచ్చాడు. నుదుట గంధం. కళగా ఉన్నాడు. నా చేతిలో సంచి తీసుకుని పక్కవాడికిచ్చాడు. ఏంది నాయనా ఇది, ఏంది ఇది అని నేను అంటున్నాను, ఇంకో మాట రావడం లేదు నాకు. వాడు స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టాడు. తనూ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మ వంటింట్లో గంటన్నర నేల మీద ఉన్నింది. తలుపు కాడికి పాకిందంట. మంగళమ్మ చెప్పింది. నువ్వు ఇరవై ఒకటి తిప్పినావా, ఇంకా ఎక్కువ తిప్పినావా?"

నేను బొరుగుల పొట్లం మడత సరిచేసుకున్నాను.

"ఆరేండ్లు యోచన చేసినా నాయనా. నిన్ను తిడితే నీకు తెలవదు, కొడితే తెలవదు. ఏం చేస్తే తెలుస్తాదా అని చూసినా. దీన్ని కోస్తే తెలుస్తాదనిపించింది. నీ చేత్తోనే తెప్పించి కోయాలనిపించింది."

గొంతు పెంచలేదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని ఎక్కాలు ఒప్పజెప్పేవాడు, అలా చెప్పాడు. తర్వాత ఒక్కటి అడిగాడు.

"ఫోను కూసేది నీకు వినపడిందా లేదా? అది ఒక్కటి చెప్పు. నిజం చెప్తే నేను ఇంకేమీ అడగను. ఆ గదికి వచ్చి ఉండు."

"వినపడలేదు నాయనా" అన్నాను. "ఇంజను చప్పుడు."

వాడు నన్ను చూశాడు. శివరామన్ బియ్యం దగ్గర చూసినట్టే చూశాడు. తర్వాత లేచి చేతులు దులుపుకున్నాడు. ఈ ముందు సగం బీచ్ దగ్గర కొత్త హోటలుకి పోతుందట, గోడలోంచి బయటికి వచ్చినట్టు పెడతారట, దాంట్లో కూర్చోవడానికి టోపీ పెట్టుకున్న డ్రైవరు ఒకడు కావాలని వాళ్లు అడిగారట.

"నువ్వు కూర్చో. నీకు కావాల్సింది అదే కదా."

నేను ఇంటికి వచ్చేశాను. బొరుగుల పొట్లం బస్సులో మరిచిపోయాను.

అక్టోబరు 2

బాగా ఆలోచించాను. కోపంలో నాలుగు మాటలు అంటారు, కన్న కొడుకు కాబట్టే అంటాడు. పరాయివాడు అంటాడా? దగ్గర దగ్గర పది నిమిషాలు నాతో కూర్చుని మనసు విప్పి మాట్లాడాడు. ఆరేళ్లలో ఒక్కసారీ అలా మాట్లాడలేదు. పైగా డెబ్బై నాలుగేళ్లవాడికి ఉద్యోగం చూసి పెట్టాడు! రోజూ ఆ సీట్లో నేనే. ఇంకొకరిని కూర్చోబెట్టి ఉండొచ్చు కదా? కూర్చోబెట్టలేదు.

సగం బండైనా మిగిలింది. మిగతా ఎనిమిది ఏమయ్యాయి?

అక్టోబరు 14, మంగళవారం

ఉద్యోగంలో చేరి నాలుగు రోజులు. హోటలు చాలా బాగుంది! గోడంతా కాగితంపూల తీగ, ఆ గోడలోంచి బండి ముందు భాగం వస్తున్నట్టు ఉంటుంది. నీలం రంగు వేశారు. మనది నలుపు, పరవాలేదు. బానెట్టు కింద ఐసు పోసి కూల్‌డ్రింకు సీసాలు పెట్టారు. ఎవరైనా వస్తే నేను దిగి సెల్యూట్ కొట్టాలి, హారన్ నొక్కాలి, ముందుకి పోయి హ్యాండిల్ తిప్పాలి. వాళ్లు ఫోటో తీసుకుంటారు. నా హ్యాండిలే. దాన్ని ఊడిరాకుండా బిగించేశారు.

పని వేళలో నా దగ్గర ఫోను ఉండకూడదు. సెక్యూరిటీ దగ్గర బుట్టలో వేసి రావాలి. మిగతావాళ్లకి ఆ రూలు లేదు. మీ కొడుకే చెప్పి పెట్టించాడు, తాతకి ఫోను మోగినా వినపడదంట కదా అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. చూడండి, నా చెవుల సంగతి కూడా గుర్తు పెట్టుకున్నాడు.

అక్టోబరు 22

దీపావళి రద్దీ. ఒక్క రోజులో నూట నలభై మంది ఫోటో దిగారు. చెయ్యి నొప్పి. భువనేశ్ రాలేదు. వస్తాడు.

అక్టోబరు 31, శుక్రవారం

వాన. జనం తక్కువ. పదకొండింటికి శివరామన్ వచ్చాడు.

ఇప్పుడు సోలై నగర్‌లో వలలకి కాపలా ఉంటున్నాడట, ఐసు పెట్టెలు పెట్టే కొట్టంలో పడుకుంటాడట. ఒళ్లంతా చేపల వాసన. దగ్గు ఎక్కువైంది. తల మీద అదే టార్పాలిన్ ముక్క కప్పుకున్నాడు. చేతిలో నూనె డబ్బా. గేటు దగ్గర ఆపితే, శుక్రవారం, బండికి నూనె పోసేదానికి వచ్చినా అన్నాడట. వాళ్లు నవ్వి వదిలేశారు.

నేను సీట్లోంచి దిగలేదు. దిగి సెల్యూట్ కొడితే బాగుండదు కదా వాడికి. వాడు బండి చుట్టూ తిరగబోయి, గోడ అడ్డం వస్తే ఆగాడు. గోడని చేత్తో తడిమాడు. ఇవతలికి వచ్చి బానెట్టు ఎత్తాడు. ఐసు, సీసాలు. చాలాసేపు చూసి, చప్పుడు కాకుండా దించాడు, ఎప్పుడూ దించినట్టే. నా పక్కకి వచ్చి తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"బావా, ఒకటి అడుగుతా. అక్క ఆ మాట చెప్పిందా?"

ఇంకో అబద్ధం ఆడనవసరం లేదు. వాడికి తెలుసు. తెలిసీ అడిగాడు. లేదు శివరామా అంటే అయిపోయేది. వాడు తలుపు మీద వేసిన చెయ్యి తీసేవాడు కాదు, నాకు తెలుసు వాడి సంగతి.

"చెప్పింది" అన్నాను.

"సరి. అట్లయితే నేను ఇచ్చింది అక్కకే" అన్నాడు.

డబ్బా మూత బిగించుకుని వానలో పోయాడు. మళ్లీ రాడు.

ఇది కూడా రాసేస్తాను, ఎవరూ చదవలేరు కదా. ఆ రోజు ఇంజను ఇంకా స్టార్టవబోతుంటే, బావా, చొక్కాలో ఫోను కూస్తా ఉంది అని చెప్పింది శివరామనే. రెండుసార్లు చెప్పాడు. కూయనీరా, ముందు ఇది స్టార్టవనీ అన్నాను. వాడు ఆ మాట కీర్తికకి చెప్పలేదు, భువనేశ్‌కి చెప్పలేదు. గేటు బయట సామాను పెట్టుకుని నిలబడినప్పుడు చెప్పి ఉండొచ్చు. హ్యాండిల్ ఇచ్చాడు.

మధ్యాహ్నం వాన తగ్గాక బెంగుళూరు నుంచి ఒక జంట వచ్చారు. ఎంత మంచివాళ్లో. తాతా, నిజంగా స్టార్ట్ చేస్తున్నట్టు తిప్పండి అన్నారు. తిప్పాను. శుక్రవారం కాబట్టి ఇరవై ఒకటి తిప్పాను. లోపల ఏమీ లేదు, గాలిలో తిప్పినట్టు ఎంత తేలిగ్గా తిరిగిందో! ఫోటోలో చూపించారు నన్ను, టోపీ చక్కగా ఉంది, పళ్లు కనిపించేలా నవ్వుతున్నాను. చెయ్యి కూడా కనిపిస్తోంది. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంది, దెబ్బ తగలకుండా.